పాటల కంప్యూటర్ వైరు పీకేశాం

ఏరా, ఎలా ఉన్నావు?

మొన్న ఫోన్‌లో సగంలో ఆగిపోయిన సంగతి పూర్తిగా చెబుదామని కూర్చున్నాను. మీ సంఘంలోనూ కీర్తనలు పాత కంప్యూటర్ మీదే నడుస్తున్నాయన్నావు చూడు, అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్.

మా చర్చిలో ఆర్గన్ వాయించేవాళ్లు లేరు కదా, ఆ పనంతా ఒక పాత ప్రోగ్రామే చేస్తోంది. తయారుచేసినవాళ్లు దాన్ని ఎప్పుడో వదిలేశారు. అది నడవాలంటే విండోస్ 7 కావాలి, పైగా పాటలూ వీడియోలూ ఆడించే ఆపిల్ వాళ్ల సాఫ్ట్‌వేర్ క్విక్‌టైమ్ ఉండాలి. విండోస్‌లో వాడే క్విక్‌టైమ్‌ను ఆపిల్ 2016లోనే ఆపేసింది. ఆ ఏప్రిల్‌లో అందులో రెండు లోపాలు బయటపడితే, తీసేయమని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రత విభాగమే చెప్పింది. విండోస్ 7 సంగతీ అంతే, 2020 జనవరి 14 తర్వాత మామూలు వాడకందార్లకు అప్‌డేట్లు లేవు. ఆదివారం నొక్కగానే పాట వస్తోంది కాబట్టి ఇవేవీ ఎవరూ పట్టించుకోలేదు.

ఒక శనివారం ప్రాక్టీసుకు ఎవరో ప్రత్యేక గీతం ట్రాక్‌ను పెన్ డ్రైవ్‌లో తెచ్చారు. మా కంప్యూటర్‌లో పెట్టి కాపీ చేశాం. తర్వాత మా సొంత పెన్ డ్రైవ్‌ను ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి ఉన్నాయి. ప్రతి ఫోల్డర్ బొమ్మ మూలనా ఒక చిన్న బాణం గుర్తు. దాన్ని నొక్కితే ఫోల్డరూ తెరుచుకుంటుంది, వెనకాల వైరసూ నడుస్తుంది. నొక్కినవాళ్లకు తేడా తెలియదు. పాటలు ఎక్కడికీ పోలేదు, దాచిన ఫైళ్లుగా లోపలే ఉన్నాయి. కానీ అదే కంప్యూటర్‌లో సంఘస్తుల ఫోన్ నంబర్లు, కానుకల లెక్కలు, ఆఫీసు మెయిల్ ఉన్నాయిరా! ఎవరికి ఏ కష్టం ఉందో రాసుకున్న ప్రార్థన విన్నపాలు కూడా. అవి గుర్తొచ్చేసరికి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

కొత్త కంప్యూటర్ కొనేద్దామన్నారు పెద్దలు. కొనొచ్చు, కానీ దానిమీద ఈ ప్రోగ్రాం నడవదు. అందుకని ముందు ఆఫీసు పనంతా వేరే కంప్యూటర్‌కి మార్చి, డిస్క్ తుడిచి, ప్రోగ్రాంను మళ్లీ మొదటినుంచి ఎక్కించాం. నెట్ వైరు పీకేసి, వైఫైని డివైస్ మేనేజర్‌లో ఆపేశాం. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ఎవరూ ఏదీ నొక్కకుండానే నెట్‌వర్క్ మీదుగా ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది, గుర్తుందా? వైరు లేకపోతే ఆ దారి మూసుకుపోయినట్టే. ఇక మిగిలింది పెన్ డ్రైవ్. ఎవరు తెచ్చినా సరే, ముందు అప్‌డేట్ ఉన్న కంప్యూటర్‌లో స్కాన్ చేసి, పాట ఫైలు ఒక్కటే మా పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటాం. పాస్టర్ గారు తెచ్చినా ఇదే పద్ధతి. ఆయనే అందరి ముందూ ఆ మాట చెప్పబట్టి ఎవరూ నొచ్చుకోలేదు.

ఇది కొంతకాలానికే. ఆ హార్డ్‌డిస్క్ ఎప్పుడో ఒకరోజు పోతుంది. అందుకే ఇప్పుడు ఒక్కో కీర్తననూ మామూలు ఆడియోగా రికార్డు చేస్తున్నాం. నిమిషానికి పది ఎంబీ దాకా అవుతుంది, అదేం పెద్ద లెక్క కాదు. అసలు చిక్కు శ్రుతితో. మిడి ఫైలైతే, అంటే శబ్దం కాకుండా ఏ స్వరం ఎప్పుడు వాయించాలో మాత్రమే రాసి ఉండే ఫైలైతే, క్షణంలో స్కేల్ తగ్గించవచ్చు, చరణం పెంచవచ్చు. ఆడియోలో శ్రుతి దించితే మా స్పీకర్లలో వాయిద్యం గొంతే మారిపోయినట్టు వినిపిస్తోంది. చల్లటి ఉదయం పెద్దవాళ్ల గొంతులు పైస్థాయికి లేవవు, వాళ్లు మధ్యలో పాడటం మానేస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకని ప్రతి కీర్తననూ మూడు స్కేళ్లలో తీస్తున్నాను. ఆరంభం, ఒక చరణం, ముగింపు విడివిడిగా తీసి పెట్టుకుంటే ఎన్ని చరణాలు పాడినా సరిపోతుంది. అతుకు దగ్గర చివరి స్వరం మోత తెగకుండా చూడాలి, అక్కడే సమయమంతా పోతోంది. మిడి ఫైళ్లు కూడా పక్కన దాచి ఉంచు, కొత్త ప్రోగ్రాములు కూడా వాటిని వాయిస్తాయి.

మీది ఇంకా విండోస్ ఎక్స్‌పీ అన్నావు. దానికి 2014 ఏప్రిల్‌లోనే అప్‌డేట్లు ఆగిపోయాయిరా. లెక్కలు కూడా అందులోనే ఉంటే ఈ ఆదివారం దాకా ఆగొద్దు. ముందు ఆ వైరు తీసేసి నాకు ఫోన్ చెయ్. శనివారం సాయంత్రం నేను వస్తాను, మొదటి పది కీర్తనలు కలిసి రికార్డు చేద్దాం.

నీ నేస్తం