ఫైబర్ పని గురించి నాన్నకి రాసిన ఉత్తరం

ఇండియానాపొలిస్,
జూన్

నాన్నకి,

తమ్ముడు షెడ్డులో బస్సుల ముందు భాగాలకి ఫైబర్ పని మొదలుపెట్టాడని అమ్మ చెప్పినప్పటి నుంచీ నీకు ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. మా ట్రక్కు టాపర్ పగిలితే ఇంట్లోనే బాగుచేసుకున్నాం. ఆ పని చేసేటప్పుడు తెలిసినవన్నీ ఫోన్‌లో చెబితే సగం గుర్తుండవు. నువ్వు చదివి వాడికివ్వు.

మన దగ్గర బొలేరో పికప్ తొట్టి మీద టార్పాలిన్ కడతారు కదా. ఇక్కడ పికప్ ట్రక్కుల మీద ఆ చోట ఫైబర్ మూత బిగించుకుంటారు, దాన్నే టాపర్ అంటారు. పక్కల జరిపే అద్దాలు, వెనక పైకి లేచే తలుపు ఉంటాయి. తొట్టి అంచులకి క్లాంపులతో పట్టిస్తారు, వెల్డింగు ఉండదు. మా రాష్ట్రంలోనే ఉత్తరం వైపు ఎల్‌కార్ట్ అనే ఊళ్లో ఇవి తయారవుతాయి. క్యాంపింగ్ బండ్ల తయారీకి కూడా ఆ ఊరు బాగా పేరుపడింది. మన ఆటోనగర్ గురించి చెప్పమంటే నాకు ఇప్పుడు ఆ ఊరే గుర్తొస్తుంది.

మొన్న వసంతంలో వచ్చిన గాలివానకి పెరట్లోని మేపుల్ కొమ్మ విరిగి సరిగ్గా టాపర్ మీద పడింది. కప్పు మీద రెండడుగుల పగులు, మధ్యలో గుప్పెడంత చిల్లు. బాడీ షాపులో చూపిస్తే బాగుచెయ్యం, కొత్తది కొనుక్కోండి అన్నారు. రంగు, బిగింపు కలిపితే మూడు వేల డాలర్లు దాటుతుంది. కిటికీలు, తలుపు, అంచులు అన్నీ గట్టిగా ఉన్నాయి. ఒక్క చోట దెబ్బ తగిలిందని అంత వస్తువుని పారెయ్యడానికి నాకు మనసొప్పలేదు. మీ అల్లుడు కూడా సరే అన్నారు.

దించడం పెద్ద పని కాదు. వెనక బ్రేక్ లైటు వైరు విప్పి, క్లాంపులు వదులు చేసి, పక్కింటివాళ్ల సాయంతో నలుగురం మూలకొకరం పట్టుకున్నాం. బరువు ఒక మనిషి బరువంత ఉంటుంది కానీ, గాలి ఉన్న రోజు మాత్రం ముట్టుకోకూడదు. లోపల అంటించిన కార్పెట్‌ని పగులు చుట్టూ ఊడదీశాం.

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. తమ్ముడికి ఇది గట్టిగా చెప్పు నాన్నా. ఫైబర్ బలమంతా గాజు దారాల్లోనే ఉంటుంది. పగులు మీద లప్పం పెట్టి రంగు కొడితే చూడ్డానికి బాగుంటుంది, కానీ లప్పంలో దారాలు లేవు. బండి అదురుకి మళ్లీ అదే గీత మీద విడిపోతుంది. కాబట్టి లోపలి వైపు నుంచి కొత్త గాజు పొరలు వెయ్యాల్సిందే.

ముందు నాణెంతో చుట్టూ కొట్టి చూశాం. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, లోపల పొరలు విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. పైకి కనిపించే పగులు కన్నా చెడిపోయిన మేర ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. ఆ డొల్ల భాగమంతా గ్రైండర్‌తో తీసేశాం. పగులు ఇంకా పాకకుండా రెండు కొసల్లో సన్నటి రంధ్రాలు వేశాం.

తర్వాత చుట్టూ ఏటవాలు తియ్యాలి. మందం 3 మిల్లీమీటర్లుంటే దానికి 12 రెట్లు, అంటే దాదాపు ఒకటిన్నర అంగుళాల వెడల్పున చెక్కాలి. లారీ బాడీకి రెండు చెక్కలు అతికేటప్పుడు నువ్వు కొసలు ఏటవాలుగా కోసేవాడివే, అచ్చం అదే లెక్క. అతుకు ఎంత వెడల్పుంటే అంత పట్టు. ఈ ఒక్క పనికి మాకు తక్కిన పనులన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది, అంత సమయం ఇవ్వాలి కూడా.

బయటి వైపు చిల్లుకి పల్చటి ప్లాస్టిక్ షీటు ఒంపుకి సరిపోయేలా ఆనించి, దాని మీద ప్యాకింగ్ టేపు వేశాం. రెజిన్, అంటే గాజు పొరల్ని తడిపి గట్టిపడే జిగురు ద్రవం, టేపుకి అంటుకోదు. ఆ తర్వాత అసిటోన్‌తో తుడిచి మ్యాట్ (గాజు దారాల్ని చాపలా పరిచి అతికించిన పొర, చదరపు మీటరుకి 450 గ్రాములది) పొరలు పాలిస్టర్ రెజిన్‌తో వేశాం. మ్యాట్‌ని కత్తెరతో కత్తిరించకుండా చేత్తో చింపమను. చిరిగిన అంచు పక్క పొరలో కలిసిపోతుంది. మ్యాట్ బరువుకి రెండు రెట్లు, మహా అయితే రెండున్నర రెట్లు రెజిన్ చాలు. తెల్లటి మ్యాట్ పారదర్శకంగా మారిందంటే తడిసినట్టే. రోలర్‌తో గాలి బుడగలు పోయేదాకా నొక్కాలి. ఒకేసారి మూడు నాలుగు పొరలకి మించి వెయ్యకూడదు, వేడెక్కి వంగుతుంది. ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్ వాడేటట్టయితే ఈ మ్యాట్ పనికిరాదు. మ్యాట్ దారాల్ని పట్టి ఉంచే జిగురు పాలిస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రావకానికే కరుగుతుంది. ఎపాక్సీకి నేసిన గుడ్డ తీసుకోవాలి.

ఇప్పుడు చెప్పేది అన్నిటికన్నా ముఖ్యం. రెజిన్ గట్టిపడాలంటే క్యాటలిస్ట్ అనే ద్రవం, ఆ పని త్వరగా జరగడానికి కోబాల్ట్ ద్రవం కలపాలి. ఇక్కడ రెజిన్‌లో కోబాల్ట్ ముందే కలిపి అమ్ముతారు, మేం క్యాటలిస్ట్ ఒక్కటే కలుపుకుంటాం. మన దగ్గర చాలా చోట్ల కోబాల్ట్, క్యాటలిస్ట్ రెండూ వేరే సీసాల్లో ఇస్తారు. ఆ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ కలపకూడదు, మంట లేచి పేలుతుంది. ముందు రెజిన్‌లో కోబాల్ట్ వేసి బాగా కలిపాకే క్యాటలిస్ట్ వెయ్యాలి. రెండు సీసాల్నీ ఒకే అరలో పెట్టనివ్వకు, చెంచాలు కూడా వేరువేరుగా ఉండాలి. క్యాటలిస్ట్ కంట్లో పడితే చూపు పోవచ్చు, రక్షణ కళ్లద్దాలు లేకుండా సీసా మూత తియ్యొద్దని చెప్పు. క్యాటలిస్ట్ కొలత నూరు పాళ్ల రెజిన్‌కి ఒకటి నుంచి రెండు పాళ్లు. బెజవాడ ఎండలకి ఒక పాలు చాలు. క్యాటలిస్ట్ కలిపాక డబ్బాలో మిగిలిన రెజిన్ కూడా దానంతటదే వేడెక్కి పొగలొస్తుంది, దాన్ని ఆరుబయట పెట్టాలి.

లోపల గట్టిపడ్డాక బయట లప్పం, 80 నుంచి 320 నంబరు దాకా ఎమరీ, ప్రైమర్, రంగు. ఇదంతా మీ అందరికీ తెలిసిన పనే. రంగు కోడ్ డ్రైవరు తలుపు పక్క స్టిక్కరు మీద ఉంది, దాంతోనే కలిపించాం. తొట్టి అంచుకి కొత్త ఫోమ్ పట్టీ వేసి బిగించి, హోస్ పైపుతో నీళ్లు కొట్టి చూశాం. లోపల చుక్క కూడా పడలేదు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను నాన్నా. ఎండలో పక్క నుంచి చూస్తే రంగులో చిన్న తేడా తెలుస్తుంది, దాన్ని అలాగే వదిలేశాం.

గ్రైండింగ్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. స్టైరీన్ వాసనకి తల తిరుగుతుంది, ముక్కుకి రుమాలు కట్టుకుంటే అది ఆగదు. షెడ్డులో వాళ్లు రుమాలే కట్టుకుంటున్నారని అమ్మ చెప్పగానే నాకు టెన్షన్ పట్టుకుంది. వచ్చే నెల మా స్నేహితులు బెజవాడ వస్తున్నారు, వాళ్లతో దుమ్మునీ ఆవిరినీ రెంటినీ ఆపే ఫిల్టర్ మాస్కులు పంపుతున్నాను. తమ్ముడికీ, వాడి దగ్గర పనిచేసే కుర్రాళ్లకీ, నీకూ ఉన్నాయి. పని చెయ్యకపోయినా నువ్వు కుర్చీ వేసుకుని అక్కడే కూర్చుంటావు కాబట్టి నువ్వూ పెట్టుకోవాలి. పని జరిగేటప్పుడు షెడ్డు రెండు తలుపులూ తీసి ఉంచండి.

వాడు వేసిన మొదటి ముక్క ఫొటో లోపలి వైపు నుంచి తీసి పంపమను. ఆదివారం ఫోన్ చేస్తాను. అమ్మకి కూడా చదివి వినిపించు.

నీ అమ్మాయి