పేరాల మగ్గాల వీధి నుంచి మా కౌన్సిలర్ అక్కకు కృతజ్ఞతలు

చీరాల మున్సిపల్ పాలకవర్గం పదవీకాలం 2026 మార్చి వరకే. ఎన్నికల సందడి మొదలైతే ఏ కౌన్సిలర్‌ను మెచ్చుకున్నా ప్రచారం కిందే జమ కడతారు. అందుకే ఆ గోలకు ముందే, పేరాలలోని మా మగ్గాల వీధి తరఫున మా వార్డు కౌన్సిలర్ అక్కకు నలుగురిలో కృతజ్ఞతలు చెబుతున్నాను. పేరు వేయవద్దని ఆమె మరీ మరీ చెప్పారు కనుక వేయడం లేదు. మా వైపు వారికి పేరుతో పని కూడా లేదు. ఇంకో మాట: మా ఇంట్లో ఓట్లన్నీ ఆమెకే పడలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వానలకు మా వీధిలో నీళ్లు నిలిచి, గడప దాటి ఇళ్లలోకి వచ్చాయి. గుంట మగ్గం చూడనివారికి ఇందులో పెద్ద నష్టం కనిపించదు. నేసేవారు నేల మీద కూర్చుని కాళ్లు గుంటలోకి వదులుతారు. కాళ్లతో తొక్కే చెక్కలు అందులోనే ఉంటాయి. ఇంట్లోకి మోకాలి లోతు నీరు రానక్కర్లేదు, చెంబెడు వచ్చినా ముందు చేరేది ఆ గుంటలోకే. పైగా మాది సముద్రానికి దగ్గరి ఇసుక నేల. పెద్ద వానలు పడితే భూమిలో నీళ్లు పైకి వస్తాయి, తోడినకొద్దీ ఊరతాయి. గుంట ఆరేదాకా మగ్గం ఆడదు, మగ్గం ఆడకపోతే మజూరీ, అంటే నేత కూలి, రాదు. గోడ కూలితే ఫొటో తీసి నష్టాల జాబితాలో రాసుకుంటారు. గుంట తడిస్తే రాసుకునేవారెవరు?

నేను విజయవాడ నుంచి వచ్చేసరికి అక్క మా ఇంట్లోనే ఉన్నారు. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని గుంట అంచున కూర్చుని, మగ్గం మీది పడుగును, అంటే నిలువుగా సాగదీసి కట్టిన నూలు పోగులను, అరచేత్తో ఒక చివరి నుంచి మరో చివరికి తడుముతున్నారు. నాన్న విసుగుతో పడుగు కోసి పారేస్తానన్నారు. "కొయ్యకు బాబాయ్. ముందు బిగువు వదులు చెయ్యి. గంజి పోయింది కానీ పోగు గట్టిగానే ఉంది" అన్నారు ఆమె. నాన్న ఒకరి మాట వినే మనిషి కాదు. ఆ రోజు విన్నారు. ఆరబెట్టి, మళ్లీ గంజి పట్టించి, అదే పడుగు మీద కొంత ఆలస్యంగానైనా చీరలన్నీ దించారు. పోగులను విడివిడిగా ఉంచే దువ్వెన లాంటి అచ్చు మాత్రం తుప్పు పట్టి మార్చాల్సి వచ్చింది.

కుర్రాళ్లు ఎక్కడి నుంచో మోటారు తెచ్చి నీళ్లు వీధిలోకి తోడబోతుంటే అక్క ఆపేశారు. వీధి చివర తూము మూసుకుపోయి ఉండగా ఎంత తోడినా ఆ నీళ్లు తిరిగి మన గుంటల్లోకే కదా! ఇల్లు కట్టుకుంటూ ఎవరో పోసిన కంకర, మట్టి ఆ తూముకు అడ్డంగా పేరుకుని ఉన్నాయి. వార్డు సచివాలయం సిబ్బందిని, పారిశుద్ధ్య కార్మికులను పిలిపించి ముందు దాన్ని తీయించారు, ఆ తర్వాతే మోటారు వేయనిచ్చారు. ఆ చలిలో మురుగులోకి దిగి పనిచేసిన కార్మికులకు ఆమెకన్నా ముందు చేతులెత్తి దండం పెట్టాలి. ఈ మాట రాయమన్నది కూడా ఆమే.

ఇదంతా ఆమెకు ఎలా తెలుసంటే, పుట్టింది పేరాలలో, మగ్గం ఉన్న ఇంట్లో. బడి నుంచి రాగానే రాట్నం దగ్గర కూర్చుని నేతకు కావలసిన నూలు కండెలు చుట్టాకే ఆటలు. మగ్గంలో అటూ ఇటూ పోగు లాగే నాడె ఆడే చప్పుడు లేకపోతే చదువు తలకెక్కేది కాదని నవ్వుతూ చెబుతారు. డిగ్రీ అయ్యాక ఒక చేనేత సహకార సంఘంలో లెక్కలు రాసే ఉద్యోగం చేశారు. ఎవరికి ఎంత నూలు ఇచ్చారు, ఎన్ని చీరలు వచ్చాయి, ఎవరికి ఎంత మజూరీ బాకీ ఉంది అన్నీ ఆ పుస్తకాల్లోనే ఉండేవి. మా వీధిలో ఏ ఇంట్లో ఎన్ని మగ్గాలున్నాయో ఆమె ఇప్పటికీ కాగితం చూడకుండా చెప్పేస్తారు. అత్తవారిల్లూ ఈ ఊరే. బావగారు ఇప్పటికీ నేస్తున్నారు, కూతురు ఇంజినీరింగ్ చదువుతోంది. 2021 ఎన్నికలకు మా వార్డు మహిళలకు కేటాయించడంతో పోటీకి దిగారు. మహిళా వార్డుల్లో గెలిచిన పేరు ఒకరిది, తిరిగే మనిషి మరొకరు కావడం మనకు కొత్తేమీ కాదు. ఇక్కడ మాత్రం తిరిగేదీ ఆమే. బావగారికి మగ్గం దిగే తీరిక ఎక్కడిది?

ఆమెకు ముత్తవ్వ కథ ఒకటి ఉంది, దాన్ని చెప్పకుండా వదలరు. చీరాల, పేరాలలను కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో స్వాతంత్ర్య సమరయోధుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఊరు ఊరంతా ఇళ్లు విడిచి పొలిమేర దాటింది. సుమారు 15 వేల జనాభాలో 13 వేల మందికి పైగా, ఆ చోటికి రామనగర్ అని పేరు పెట్టుకుని, పాకల్లో పదకొండు నెలలు ఉన్నారు. గోపాలకృష్ణయ్య పెట్టిన రామదండు వాలంటీర్లు వారికి కాపలా. ఆ పాకల్లో ఒకటి ఆమె ముత్తవ్వది. "ఆవిడ మున్సిపాలిటీ వద్దని ఊరు విడిచి వెళ్లింది. నేనేమో అదే మున్సిపాలిటీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పైనుంచి ఏమనుకుంటోందో!" అంటారు.

కుర్చీ అయితే ఉంది కానీ, కౌన్సిలర్ తలచుకోగానే పని జరిగిపోదు. అంచనా వేయించాలి, అజెండాలోకి ఎక్కించాలి, కౌన్సిల్‌లో తీర్మానం కావాలి, ఆ పైన టెండరు. ఆ తూము స్థానంలో పెద్ద తూము కోసం అక్క ఈ మెట్లన్నీ ఎక్కారు. ఒకసారి వాయిదా పడింది, మళ్లీ పెట్టించారు. పని జరిగే రోజున వాలు సరిగా లేదని పట్టుబట్టి అడుగుభాగం కిందికి దింపించారు. వీధి నీరు కాలువలోకి పోవాలి కానీ కాలువ నీరు వీధిలోకి రాకూడదన్నది ఆమె పట్టు. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చినప్పుడు మాకు ఆ పట్టుదల విలువ తెలిసింది. గుంటల్లో ఊట ఎలాగూ తప్పలేదు. వీధి నీరు మాత్రం గడప ఎక్కలేదు. నాన్న గుంట తోడుకుని, కొద్ది రోజులకే మళ్లీ మగ్గం ఎక్కారు.

వెనక వీధిలో కాలువ పని ఇంకా మిగిలే ఉంది. పదవి ఉన్నా లేకపోయినా దాని వెంట పడతానని ఆమె అంటున్నారు. ఆ వీధి వారు మగ్గాల వివరాలు, ఫొటోలతో అర్జీలు రాసి వార్డు సచివాలయంలో ఇవ్వండి, ఎంత ఎక్కువ మంది ఇస్తే అంత బలం.

అక్కా, మా ఇంటిల్లిపాది తరఫునా, వీధి తరఫునా మీకు నమస్కారాలు. మగ్గం మీదున్న చీర దిగగానే మీకు తెచ్చి ఇస్తానని నాన్న అంటున్నారు. డబ్బులివ్వకుండా తీసుకోనని మీరు ముందే అన్నారట. డబ్బులు తీసుకునేది లేదని ఆయన. మీరు సంఘం లెక్కలు రాసినవారు, ఆయన ఆ సంఘంతో మజూరీ కోసం పోట్లాడినవారు. ఆ బేరంలోకి నన్ను మాత్రం లాగకండి.