జరీ చీర తూకానికి వేసే ముందు

ఎడిటర్ గారికి,

ఇంటర్ ఫలితాలు రాగానే మీ పత్రికలో ఫ్యాషన్ చదువుల మీద వచ్చిన వ్యాసం చదివాను. డిజైనర్, స్టైలిస్ట్, మర్చండైజర్ అంటూ చాలా కొలువులు చెప్పారు. నేను 26 ఏళ్లు చేసిన పని మాత్రం అందులో లేదు. తప్పు పట్టడం లేదు లెండి. మా మేనత్త ఇప్పటికీ "ఇంతకీ నువ్వు చేసింది బట్టల కొట్లోనా, కుట్టు బడిలోనా?" అని అడుగుతుంటుంది.

హైదరాబాదులో ఒక డిజైన్ కాలేజీలో దుస్తుల చరిత్ర చెప్పాను. మిగిలిన సమయంలో మ్యూజియం గోదాముల్లో పాత బట్టలు తిరగేసి చూశాను, నాలుగైదు ప్రదర్శనలు కట్టాను. ఈ పనిని ఫ్యాషన్ క్యురేషన్ అంటున్నారు. అందులో ర్యాంపు ఉండదు, వెలుగులు అసలే ఉండవు. బట్టలున్న గదిలో వెలుతురు 50 లక్సులు (లక్సు అంటే వెలుతురు కొలత) దాటితే రంగు పోతుందని మసక దీపాలు పెడతాం. మొదటిసారి తీసుకెళ్లిన బ్యాచ్ పిల్లలు కరెంటు పోయిందనుకున్నారు. పట్టు చీరను ఒకే మడత మీద ఏళ్లతరబడి ఉంచితే జరీ ఆ గీత దగ్గరే చిట్లుతుంది కాబట్టి గొట్టానికి చుట్టి పెడతాం. ఏడాదికి రెండుసార్లు చీరలు దులిపి మడత మార్చే మన అమ్మమ్మలకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కలరా ఉండలు మాత్రం వాళ్లు మానాలి!

హైదరాబాదులో నిజాముల పాత నివాసం పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల అలమర ఉంది. రెండంతస్తులు, పైకెక్కడానికి చేత్తో తిప్పే లిఫ్టు. వేసిన బట్ట మళ్లీ వేసేవాడు కాదని చెప్పుకుంటారు. పిల్లలు దాని పొడుగు చూసి సెల్ఫీలు దిగుతారు. దిగనిచ్చి, తర్వాత అడిగేదాన్ని: ఇన్ని షేర్వానీలు కుట్టిన దర్జీ ఎవరు? ఉతికిందెవరు, మడత పెట్టిందెవరు? ఆ జవాబులు అద్దం బయట నిలబడితే దొరకవు. జమాఖర్చు పుస్తకాల్లో వెతకాలి, అస్తరు లోపలి కుట్టు చూడాలి, అంచు మూల చాకలి పెట్టిన గుర్తు చూడాలి.

ఇంగ్లండులో బాత్ నగరంలో 1963లో డోరిస్ లాంగ్లీ మూర్ అనే ఆవిడ తను పోగేసిన బట్టలతోనే మ్యూజియం తెరిచారు. మనకు అహ్మదాబాదులో 1949 నుంచే కాలికో అనే బట్టల మ్యూజియం ఉంది. అయినా మన దగ్గర ఒక మ్యూజియం చీరకు పెట్టిన చీటీ మీద నేను చూసింది ఇది: "చీర, పట్టు, 20వ శతాబ్దం." ఎవరు నేశారో లేదు, ఎవరు కట్టారో లేదు. గోచీ పోసి కట్టిన చీరో, కుచ్చిళ్లు పోసి కట్టిన చీరో అదీ లేదు.

అందుకే ఏటా మొదటి సెమిస్టరులో ఇంట్లోంచి ఒక పాత బట్ట తెచ్చి దాని కథ ఒక పేజీ రాయమనేదాన్ని. ఒకమ్మాయి అమ్మమ్మ రవిక తెచ్చింది. పక్క కుట్లు మూడుసార్లు విప్పి మళ్లీ వేసిన గీతలున్నాయి. ఇంటికి వెళ్లి అడిగితే మూడు కాన్పులని తెలిసిందట. ఒకబ్బాయి ఆర్టీసీ కండక్టరుగా చేసిన వాళ్ల తాత ఖాకీ చొక్కా తెచ్చాడు. చొక్కా అంతా బాగానే ఉంది, ఒక్క ఎడమ భుజమే జల్లెడ. సంచీ పట్టీ ఒరుసుకున్న చోటది. ఆ చొక్కా ముందు నా పాఠం చిన్నబోయింది.

పిల్లల్ని ఈ దారిలో పంపాలనుకునే తల్లిదండ్రులకు ఉన్నమాట చెబుతాను. బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో మ్యూజియాలజీ, అంటే మ్యూజియాల పని నేర్పే చదువు, ఉంది. న్యూయార్కులోని ఎఫ్.ఐ.టి. (ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ)లో, లండన్ కాలేజ్ ఆఫ్ ఫ్యాషన్‌లో దుస్తుల ప్రదర్శన మీదే పీజీ చదువులు నడిచాయి. జీతం సాఫ్ట్‌వేరుతో పోల్చకండి. నేను చూసినవాటిలో చాలా ఉద్యోగాలు కాంట్రాక్టువే. మన రెండు ప్రభుత్వాలూ జిల్లా మ్యూజియాల్లో బట్టలు చదవగలిగిన మనిషిని ఒక్కొక్కరిని వేస్తే మా విద్యార్థులు ఊళ్లు దాటి పోనక్కర్లేదు.

మీ పాఠకులకు ఇంకో విన్నపం. "పాత పట్టుచీరలు, జరీ చీరలు కొంటాం" అని మైకు పెట్టుకుని ఆటో వస్తుంది కదా. కాలిస్తే పట్టు బూడిదైపోతుంది, అసలు జరీలోని వెండి మిగులుతుంది. 1986లో మా అమ్మ మా నాయనమ్మ పెళ్లిచీర అలాగే తూకానికి వేసేసింది. ఆ డబ్బు నా హాస్టల్ ఫీజుకు పోయింది కాబట్టి నోరెత్తే హక్కు నాకు లేదు. అమ్మొద్దని అననుగానీ, అమ్మేముందు కొంగూ అంచూ కనబడేలా రెండు ఫొటోలు తీసి, కట్టినావిడ పేరు, ఊరు, ఏ పెళ్లికి కొన్నారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మీ ఆదివారం సంచికలో అలాంటి కాగితాలకు కాస్త చోటిస్తే మరీ సంతోషం.

మా వీధికి వచ్చే ఆటో అతను నన్ను గుర్తుపట్టేశాడు. తూకం వేయకముందు ఫొటో తీసుకోనిస్తున్నాడు. ఇప్పటికి 41 చీరలయ్యాయి. అవి ఎవరివో మాత్రం అతనికీ తెలీదు.

– ఒక విశ్రాంత అధ్యాపకురాలు, హైదరాబాద్