బడి వదిలిన పిల్లల మాట మేష్టారికి చేరే దారి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

నేను కోనసీమలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల యాజమాన్య కమిటీలో సభ్యుణ్ణి. అంబాజీపేట మార్కెట్టుకు కాయ తోలుకుని బతికే కొబ్బరి వ్యాపారిని. నేను ఉపాధ్యాయుణ్ణి కాను, మా ఇంట్లో ఆ ఉద్యోగం చేస్తున్నవారు కూడా ఎవరూ లేరు, కాబట్టి ఈ లేఖలో అడగబోయేది నా కోసమో నా వాళ్ల కోసమో కాదని ముందుగానే మనవి చేసుకుంటున్నాను. బడి విడిచి వెళ్లిన పిల్లలు తమకు చదువు చెప్పినవారి గురించి చెప్పదలుచుకున్న నాలుగు మంచి మాటలు ఆ చెప్పినవారి దాకా చేరే ఏర్పాటు మన విద్యాశాఖలో లేదు. అటువంటి ఏర్పాటు ఒకటి చేయమని కోరడానికే ఇది రాస్తున్నాను.

మంచి మాటతో కడుపు నిండదని నాకు తెలుసు. జీతభత్యాల సంగతి, ఖాళీల సంగతి, ఒకే ఉపాధ్యాయుడితో నడిచే బడుల సంగతి సంఘాలవారు మీ దృష్టికి ఎలాగూ తెస్తూనే ఉంటారు, తేవాలి కూడా. వాటికి బదులుగా మెచ్చుకోలు చాలునని నేను అనడం లేదు. అయితే 2025లో 16,347 పోస్టులకు జరిగిన మెగా డీఎస్సీలో నెగ్గి మా ప్రాంతపు బడులకు వచ్చిన కొత్తవారిని చూస్తున్నప్పుడు, ఏళ్ల తరబడి కోచింగ్ సెంటర్లలో కూర్చుని సంపాదించుకున్న ఈ ఉద్యోగం మీద వీరికి ఇప్పుడున్న ఉత్సాహం పదేళ్ల తర్వాత కూడా నిలవాలంటే ఏం కావాలి అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. ముఖ్యంగా రోజూ గోదావరి పాయ దాటి, పడవ ఎక్కి లంక బడికి వెళ్లేవారి విషయంలో. వరద తీసిన తర్వాత తరగతి గదిలో పేరుకున్న ఒండ్రును ఊరివాళ్లతో కలిసి కడిగించి మళ్లీ పాఠం మొదలుపెట్టే టీచరుకు, ఆ పని తన పనేనని ఏ సర్క్యులరూ చెప్పి ఉండదు.

ఉపాధ్యాయుడి పనిలో ఉన్న చిక్కు ఏమిటంటే, ఫలితం కనబడేసరికి పని చేసినవాడు అక్కడ ఉండడు. పొడుగు రకం కొబ్బరి మొక్క నాటిన రైతు ఆరేడేళ్లకు కాపు కళ్లజూస్తాడు, చెట్టు తన గట్టు మీదే ఉంటుంది కాబట్టి. ఒకటో తరగతిలో అక్షరాలు దిద్దించిన టీచరు, ఆ పిల్లవాడు బతుకులో నిలబడేనాటికి రెండు మూడు బదిలీలు దాటి ఎక్కడో ఉంటుంది. ఒకే బడిలో ఎనిమిదేళ్లు నిండితే బదిలీ తప్పదన్న నిబంధన సబబైనదే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ బదిలీతో పాటు పిల్లల సమాచారం కూడా శాశ్వతంగా తెగిపోతుంది. ఇక తన పని ఎలా ఉందో ఆమెకు తెలిపేవి ఏమిటి? హాజరు ఎన్ని గంటలకు పడింది, భోజనం లెక్క సరిపోయిందా, పదో తరగతిలో ఎంత శాతం. ఇవన్నీ అవసరమే అనుకుందాం, అయినా వీటిలో ఏ ఒక్కటీ ఆమె చెప్పిన పాఠం ఒక మనిషికి ఎక్కడ పనికొచ్చిందో చెప్పదు.

దీనికి ఒక ఉదాహరణ మనవి చేస్తాను. మా ఊరి ప్రాథమిక పాఠశాలలో చాలాకాలం పనిచేసి విరమించిన ఒక టీచరు గారు పింఛను కాగితాలు దాచుకునే ప్లాస్టిక్ కవరులో, పొడుగు నోట్‌బుక్కులోంచి చింపిన గీతల కాగితం ఒకటి ఉంది. మస్కట్‌లో ఎలక్ట్రీషియన్‌గా ఉన్న పాత విద్యార్థి, సెలవుకు వచ్చినవాళ్ల చేత పంపిన ఉత్తరం అది. అందులో ఉన్నది నాలుగే వాక్యాలు. ‘టీచరు గారూ, మీరు రోజూ నా చేత బోర్డు మీద తేదీ రాయించేవారు. అక్షరాలు వంకరగా ఉన్నా చెరిపేవారు కాదు. ఇక్కడ ప్యానెల్ బోర్డుల మీద పేర్లు నేనే రాస్తాను, నా రాత బాగుంటుందని మా ఫోర్‌మన్ అంటాడు. రాసినప్పుడల్లా మీరే గుర్తొస్తారు.’ ఆవిడ దాన్ని నాకు చూపించి నవ్వేశారు. ‘చేతిరాత కోసం కాదండీ, వెనక బెంచీలో కూర్చుంటే నిద్రపోతాడని లేపి రాయించేదాన్ని’ అన్నారు. ఆ ఉత్తరం అందిన నాటికి ఆవిడకు ఇంకా కొన్నేళ్ల సర్వీసు మిగిలి ఉంది. అప్పటి నుంచి విరమించే దాకా, ప్రతి తరగతిలోనూ చదువులో వెనకబడిన పిల్లల్లో ఒకరి చేత తేదీ రాయించడం ఆవిడ మానలేదట, ఈసారి తెలిసే.

అయ్యా, ఆ కాగితం చేసిన పనిని ఏ ఇన్‌స్పెక్షన్ చేయగలదో మీరే ఆలోచించండి. అది ఆవిడను సంతోషపెట్టిన మాట నిజమే గానీ, అంతకంటే పెద్ద పని మరొకటి చేసింది: తాను చేసిన వాటిలో ఏది పనిచేసిందో ఆవిడకు తెలియజెప్పింది. విద్యార్థి మెచ్చుకోలును మనం మర్యాద కింద, పండుగ నాటి లాంఛనం కింద చూస్తున్నాం. నా మట్టుకు నేను దాన్ని ఉపాధ్యాయుడికి తన పని గురించి అందే అసలైన నివేదికగా భావిస్తున్నాను.

ఇది నా ఒక్కడి ఊహ కాదనడానికి, చదివిన సంగతి ఒకటి చెబుతాను. అమెరికాలో ఆడమ్ గ్రాంట్ అనే పరిశోధకుడు, ఒక విశ్వవిద్యాలయం కోసం ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగులపై చేసిన ప్రయోగాన్ని 2007లో సహచరులతో కలిసి ప్రచురించాడు. ఆ విరాళాలతో ఉపకార వేతనం పొంది చదువుకుంటున్న విద్యార్థిని కొందరు ఉద్యోగులకు కొద్ది నిమిషాలు కలిపించి మాట్లాడనిచ్చారు. జీతం పెంచలేదు, హెచ్చరికా చేయలేదు. నెల గడిచాక చూస్తే, వారు ఫోన్ మీద గడిపే సమయం అంతకుముందుతో పోలిస్తే రెట్టింపు దాటింది. తన పని ఎవరికి చేరిందో ఒక్కసారి కళ్లతో చూసినందుకే ఇంత తేడా వస్తే, ముప్పయ్యేళ్లు బోర్డు ముందు నిలబడేవారికి ఆ చూపు ఎంత బలమిస్తుందో వేరే చెప్పాలా?

మా గోదావరి తీరానికి మేలు చేసినవారిని తలుచుకోవడం కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరకు ఊళ్లలో విగ్రహాలు పెట్టుకున్నాం. ఆకలితో వచ్చినవారికి అన్నం పెట్టిన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరును ప్రభుత్వమే బడి భోజన పథకానికి పెట్టింది. రాజమహేంద్రవరం ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర పేరు నూరేళ్లు దాటినా ఇక్కడ వినబడుతున్నదంటే, దామెర్ల రామారావు, అడివి బాపిరాజు వంటివారిని చేరదీసి, వారి చేత కుంచె పట్టించిన గురువుగా శిష్యలోకం ఆయన్ను చెప్పుకోవడం వల్లనే. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న ప్రిన్సిపాళ్ల పేర్లు మనలో ఎందరం చెప్పగలం? అయితే దామెర్ల, బాపిరాజు వంటి శిష్యులు అందరికీ దొరకరు. ఎలక్ట్రీషియన్లు, నర్సులు, ఆక్వా చెరువుల దగ్గర లెక్కలు రాసేవారు, సొంత ఆటో నడుపుకునేవారు దొరుకుతారు. వీరు చెప్పే మాటే ఇవాళ దారి లేక ఆగిపోతున్నది.

ఉన్న ఏర్పాట్లు చాలవా అని మీరు అడగవచ్చు. సెప్టెంబరు 5న పిల్లలు చీరలు, పంచెలు కట్టుకుని ఒకపూట పాఠాలు చెప్పడం ముచ్చటైన సంగతే. ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారాలూ ఉన్నాయి. కానీ 1958 నుంచి ఇస్తున్న జాతీయ పురస్కారానికి సైతం ఇప్పుడు ఉపాధ్యాయుడే తన పేరును ఆన్‌లైన్‌లో ప్రతిపాదించుకుని, తాను చేసిన గొప్ప పనులకు తానే ఆధారాలు జతచేయాలి. మొహమాటం ఉన్నవారు ఆ పని చేయరు, నేను ఎరిగిన మంచి ఉపాధ్యాయుల్లో మొహమాటస్తులే ఎక్కువ. ఇక సంక్రాంతికి జరిగే పూర్వ విద్యార్థుల సమ్మేళనాలంటారా, శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు, ఆపైన ఎవరెవరు ఎంత చందా ఇచ్చారన్న ప్రకటన. శాలువా కప్పించుకుంటున్న మేష్టారు, కప్పుతున్నవాడి మొహం చూసి పేరు గుర్తు తెచ్చుకునేలోగా మైకు పక్కవాడి చేతికి వెళ్లిపోతుంది. ఇదే సందర్భంలో మరొక మనవి. కొన్ని బడుల్లో గురుపూజోత్సవానికి పిల్లల దగ్గర డబ్బులు పోగుచేసి బహుమతులు కొంటున్నారు. పది రూపాయలు తేలేని పిల్ల ఆ రోజు బడికే రావడం లేదు. దీన్ని ఆపుతూ ఒక ఉత్తర్వు ఇస్తే ఎవరికీ నష్టం లేదు.

నేను కోరేది చాలా చిన్న ఏర్పాటు. పదో తరగతి పూర్తిచేసిన పిల్లలు మార్కుల జాబితాకు, టీసీకి ఎలాగూ బడికి వస్తారు. ఆ సమయంలో ప్రతి ఒక్కరికీ ఒక తెల్ల కాగితం, ఒక కవరు ఇవ్వాలి. ఒకటో తరగతి మొదలు ఇప్పటి దాకా తనకు చదువు చెప్పినవారిలో ఎవరికైనా, లేదా వంట చేసి పెట్టిన ఆయమ్మకైనా, తనకు గుర్తున్న ఒక్క విషయం రాయవచ్చునని చెప్పాలి. రాయకపోయినా అడగకూడదు. ఆ ఉత్తరాలు మండల విద్యా వనరుల కేంద్రానికి చేరితే, బడులకు నిత్యం తిరిగే క్లస్టర్ సిబ్బంది (సీఆర్‌పీలు) అందజేస్తారు. వేరే మండలానికి మారినవారివి, విరమించినవారివి జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయం పంపాలి, వారు ఎక్కడున్నారో ఆ కార్యాలయానికే తెలుస్తుంది కాబట్టి. పెద్దయిన తర్వాత పాత టీచరు కోసం వెతుక్కుంటూ వచ్చేవారికి కూడా ఇదే దారి తెరిచి ఉంచాలి. ఫోన్ నంబరు, చిరునామా ఎవరికీ ఇవ్వనక్కర్లేదు, ఉత్తరం తీసుకుని పంపితే చాలు. ఒప్పంద పద్ధతిలో పనిచేసి వెళ్లిపోయినవారిని ఇందులోంచి మినహాయించవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. కొన్ని బడుల్లో రెండేళ్లు ఇంగ్లీషు చెప్పింది వారే.

అంతకంటే గట్టిగా కోరేది, చేయకూడని వాటి గురించి. దీనికి యాప్ వద్దు. ఎవరికి ఎన్ని ఉత్తరాలు వచ్చాయన్న లెక్క వద్దు, ఫొటో తీసి ఎక్కించడం వద్దు, బదిలీల్లో గానీ పురస్కారాల్లో గానీ వీటికి పాయింట్లు అసలే వద్దు. పాయింటు పెట్టిన మరునాడే పిల్లల చేత రాయించుకునే ఉత్తరాలు మొదలవుతాయి, పాపం పిల్లలకు అది కూడా ఒక హోంవర్కు అవుతుంది. 1971లో ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల్లో, పజిళ్లు విప్పినందుకు డబ్బు ఇచ్చిన విద్యార్థులకు డబ్బు ఆగిపోగానే వాటి మీద ఆసక్తి తగ్గిందని, మాటతో మెచ్చుకున్నవారిలో ఆ నష్టం కనబడలేదని తేలింది.

అభ్యంతరాలు ఉంటాయి. ఒక్క ఉత్తరమూ రానివారు బాధపడరా అంటారు. పడతారు. అందుకే వీటిని ప్రార్థన సమయంలో చదవకూడదు, ఎవరిది వారి చేతికే ఇవ్వాలి. ఆడపిల్లలు రాసేవి ఇంట్లోవారికి తెలిసే రాయించాలన్న అభ్యంతరం నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. అది పాటించడానికి టీసీ తీసుకోవడానికి తల్లిదండ్రులు వెంట వచ్చే రోజే అనువైనది. తిట్లు రాస్తారేమో అన్న భయం మాత్రం నాకు లేదు. కొట్టిన మేష్టారికి నాలుగు తిట్లు అందితే అందనీయండి.

రాష్ట్రమంతటా ఒకేసారి చేయడం కష్టమనిపిస్తే, వచ్చే మార్చి పరీక్షల తర్వాత కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొన్ని మండలాలకు పరిమితం చేసి చూడండి. మా బడిలో ఏటా పదో తరగతి దాటే పిల్లలకు కాగితాలు, కవర్లు, తపాలా బిళ్లలు అయ్యే ఖర్చు మా కమిటీ సభ్యులమే పెట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాం. ఉత్తరాలు స్వీకరించి పంపమని మండల, జిల్లా కార్యాలయాలకు మీ ఉత్తర్వు ఒక్కటి అందితే, ఆ వేసవిలోనే పని మొదలుపెడతాం.

ఇట్లు,
భవదీయుడు,
పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యుడు,
అంబాజీపేట ప్రాంతం, కోనసీమ.