ఏడో తరగతి పిల్లకి తెలుగు నవల ఏది?

ఎడిటర్ గారికి,

ఇంటర్ పరీక్షలయ్యాక నెలంతా పిల్లల నవలలు, టీనేజ్ నవలలే చదివాను, చాలావరకు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్నవే. టీనేజ్ వాటిలో ప్రేమ గోల కాస్త ఎక్కువ. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకు రాసినవే నచ్చాయి. ఒకదాంట్లో తాతయ్య పోయాక ఆయన కళ్లజోడు ఎక్కడ పెట్టాలో తెలియక ఓ పిల్ల స్కూల్ బ్యాగులో వేసుకుని తిరుగుతుంది.

అన్నీ ఇంగ్లిష్‌వే. తెలుగులో అడిగితే షాపులో నీతికథలు, తెనాలి రామకృష్ణుడు. ఏడో తరగతి చదివే మా చెల్లి అవి ఎప్పుడో దాటేసింది. మా ఏరియా లైబ్రరీలో అయితే ఏ అల్మరా తెరిచినా గ్రూప్స్ గైడ్లే.

కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారాలు ఇస్తోంది కదా, వాటిలో తెలుగు పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయో మీ ఆదివారం అనుబంధంలో వేయండి, ధరలతో సహా.

– ఓ విద్యార్థిని, హైదరాబాద్