‘లోపం’ బదులు ‘సుడి’ అందాం

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సైన్స్ పేజీలో, కాలిక్యులేటర్ తెరల్లో వాడే లిక్విడ్ క్రిస్టల్స్ మీద వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటివి తెలుగులో రావడం సంతోషం. అయితే అణువుల వరస చెదిరిన చోటును ఇంగ్లీషులో డిఫెక్ట్ అంటారు, దానికి ప్రతిచోటా ‘లోపం’ అని రాశారు. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినదాన్ని, ఆ మాట నాకు మింగుడుపడలేదు.

పోయిన నెల మా మనవడికి కొండ మీద గుండు చేయించాం. వారం తిరిగేసరికి వెంట్రుకలు మొలిచాయి. తల నిమురుతూ చూస్తే నడినెత్తిన సుడి. చుట్టూ మొలకలన్నీ వరసగా గుండ్రంగా వాలి ఉన్నాయి, సరిగ్గా మధ్యలో మాత్రం ఎటు వాలాలో తేలలేదు. ‘దువ్వితే పోతుందా అవ్వా?’ అన్నాడు. ఎంత దువ్వినా పోదు నాయనా అన్నాను.

లిక్విడ్ క్రిస్టల్‌లోనూ ఇంతే. పుల్లల్లాంటి అణువులు ద్రవంలా పారుతూనే ఒకే దిక్కుకు వాలి ఉంటాయి. ఆ దిక్కు తేలని చోట సుడి పడుతుంది. వెంట్రుకకు మొదలూ కొనా వేరు. ఈ అణువుల వరసకు ఆ తేడా లేదు, సగం తిరిగినా వరస మళ్లీ కలుస్తుంది కాబట్టి ఇందులో అర సుడి కూడా ఉంటుంది. మీ వేలిముద్రలు చూసుకోండి. గీత వంపు తిరిగి వెనక్కి మళ్లిన చోటు ఒక అర సుడి. మూడు వైపుల గీతలు కలిసే మూల దానికి ఎదురు సుడి. ద్రవంలో ఈ రెండూ ఒకదాన్నొకటి లాక్కుని, కలిసిన క్షణాన రెండూ మాయమవుతాయి. ఎమ్మెస్సీలో మైక్రోస్కోప్ కింద సుడి ఉన్న ఒక్కో చుక్క నుంచి రెండేసి నల్లటి చారలు విచ్చుకోవడం, రెండు చుక్కలు దగ్గరై ఆరిపోవడం చూస్తూ రికార్డు రాయడమే మరిచిపోయాను.

సరుకు బాగాలేక వచ్చేది కాదిది. ఎంత స్వచ్ఛమైన ద్రవాన్నైనా వేడిచేసి చల్లారిస్తే సుళ్లు పుడతాయి. ఈ రకం లిక్విడ్ క్రిస్టల్‌కు ఉన్న ‘నెమాటిక్’ అన్న పేరు దారం అనే గ్రీకు మాట నుంచి వచ్చింది. మైక్రోస్కోప్‌లో దారాల్లా కనిపించేవి ఈ సుళ్లే.

కరెంటు పెడితే ఈ అణువులు ఏం చేస్తాయన్న సంగతి వ్యాసంలో రెండు ముక్కల్లో తేల్చేశారు. కాలిక్యులేటర్ తెరలో గాజు పలకల మధ్య సందు కొన్ని మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). వోల్టేజి ఒక హద్దు దాటేదాకా అణువులు కదలవు, దాటాక లేచి నిలబడతాయి. ఆ హద్దుకు రష్యన్ శాస్త్రవేత్త ఫ్రెడెరిక్స్ పేరు పెట్టారు. పడుకున్న పుల్ల ఈ కొస నుంచీ లేవచ్చు, ఆ కొస నుంచీ లేవచ్చు. కొన్ని ఇటు, కొన్ని అటు లేస్తే మధ్యలో గట్టు పడి తెర మరకలు మరకలుగా కనిపిస్తుంది. అలా కాకుండా తయారీలోనే గాజు మీది పూతను మఖమల్ లాంటి గుడ్డతో ఒకే వైపుకు రుద్దుతారు. దాంతో అణువులన్నీ ముందే ఒక వైపు కొద్దిగా తలెత్తి ఉంటాయి. ఇంత పెద్ద చిక్కును గుడ్డతో రుద్ది తీర్చారంటే క్లాసులో పిల్లలు నోరు తెరిచి వినేవాళ్లు.

పక్కనున్న బెంగళూరులో, రామన్ పరిశోధన సంస్థలో, ఎస్. చంద్రశేఖర్ బృందం 1977లో బిళ్లల్లాంటి అణువులతోనూ లిక్విడ్ క్రిస్టల్ తయారవుతుందని చూపింది. దాని మీద ఒక వ్యాసం వేయించండి. అందులోనైనా ‘సుడి’ అని రాయమని నా మనవి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
తిరుపతి