ఋణ పునర్బలనం దండన కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో పిల్లల పెంపకం గురించి ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. పిల్లల మారాముకూ, బడి ఎగ్గొట్టే అలవాటుకూ మనస్తత్వశాస్త్రం చెప్పే కారణాలను తల్లిదండ్రులకు అందించాలన్న ప్రయత్నం మెచ్చదగినదే. అయితే ఋణ పునర్బలనం (ఇంగ్లీషులో నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్) అంటే తిట్టడం, సెల్‌ఫోన్ లాక్కోవడం వంటి శిక్షలని అందులో రాశారు. పక్కనే పావ్‌లోవ్ కుక్క బొమ్మ వేసి, బహుమతి ఇస్తే మంచి అలవాట్లు వస్తాయని ఆ ప్రయోగం రుజువు చేసిందన్నారు. రెండూ తప్పే. ముప్పై ఏళ్లు అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు ఈ పాఠం చెప్పి, ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో కూతురింట ఉంటున్నాను. ఈ తప్పును నమ్మి ఇంట్లో పిల్లవాడి మీద ప్రయోగిస్తే ఏమవుతుందో దగ్గర నుంచి చూసినవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

అభ్యాసం మీద ప్రయోగాలు చేసిన శాస్త్రవేత్తల పేర్లు చెబితే టెట్, డీఎస్సీ అభ్యర్థులు పావ్‌లోవ్‌కు కుక్క, థార్న్‌డైక్‌కు పిల్లి, స్కిన్నర్‌కు ఎలుక, కోహ్లర్‌కు చింపాంజీ అని వరస తప్పకుండా అప్పజెబుతారు. జంతువులు గుర్తుంటాయి, ప్రయోగాల మధ్య తేడా గుర్తుండదు. అందుకే నేను తరగతిలో కుక్కను పక్కన పెట్టి చింతకాయతో మొదలుపెట్టేవాణ్ణి. చింతకాయ కొరికితే నోరూరడం పుట్టుకతో వచ్చిన గుణం. దాన్ని చూడగానే, ఆఖరికి పేరు వినగానే నోరూరడం మాత్రం నేర్చుకున్నది. ఎన్నడూ చింతకాయ రుచి ఎరగని వాడి నోరు ఆ మాటకు ఊరదు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కుక్కల జీర్ణక్రియను పరిశోధించి, అందుకుగాను 1904లో నోబెల్ బహుమతి పొందిన పావ్‌లోవ్ గమనించింది ఇటువంటిదే. తిండి పెట్టే ముందు ప్రతిసారీ ఒక శబ్దం వినిపిస్తే, కొన్నాళ్లకు ఆ శబ్దానికే కుక్క నోట లాలాజలం ఊరింది. ఇక్కడ కుక్క చేసిన పని ఏమీ లేదు, నోరు ఊరినా ఊరకపోయినా తిండి వస్తుంది. ఏమీ చేయని కుక్కకు బహుమతి ఎక్కడిది? పాఠ్యపుస్తకాలు దీన్నే శాస్త్రీయ నిబంధనం (క్లాసికల్ కండిషనింగ్) అంటాయి. స్కిన్నర్ దీనికి రెస్పాండెంట్ అని పేరు పెట్టాడు. ముందు వచ్చే ఉద్దీపనే, అంటే ఇక్కడ ఆ శబ్దమే, స్పందనను, అంటే లాలాజలాన్ని, లాగుతుంది.

బహుమతి మాట రావలసింది రెండో రకం అభ్యాసంలో. 1898లో థార్న్‌డైక్ పిల్లిని పెట్టెలో పెట్టి, గడియ తీస్తేనే బయటికొచ్చి చేపముక్క తినగలిగేలా అమర్చాడు. పావ్‌లోవ్ నోబెల్ అందుకున్న ఏడాదే పుట్టిన స్కిన్నర్, 1938 నాటి తన పుస్తకంలో మీట నొక్కి ఆహారపు గుళిక సంపాదించుకునే ఎలుకల ప్రవర్తనను లెక్కగట్టి చూపించాడు. మీట నొక్కకపోతే గుళిక లేదు. చేసిన పనికి వెంటనే వచ్చే ఫలితాన్ని బట్టి ఆ పని మళ్లీ జరగడమో, తగ్గిపోవడమో తేలుతుంది. ఇది ఆపరెంట్, అంటే కార్యసాధక నిబంధనం.

ఇక ధన, ఋణ అనే మాటలు. ఋణ విద్యుదావేశాన్ని చెడ్డ విద్యుత్తు అని ఎవరూ అనుకోరు, కానీ పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఋణం అంటే చెడు అన్న భావం ఎలాగో చొరబడుతుంది. ఇక్కడ ధనం అంటే కలపడం, ఋణం అంటే తీసివేయడం, అంతే. పునర్బలనం అంటే ఏ రకమైనా సరే, ప్రవర్తన పెరగాలి; దండన అంటే తగ్గాలి. క్యాబులో బెల్టు పెట్టుకునేదాకా కూసే అలారం, పెట్టుకోగానే ఆగిపోతుంది. ఆ చిరాకు తొలగుతుంది కనుక మరుసటిసారి మన చెయ్యి ముందే బెల్టు మీదికి పోతుంది. ఋణ పునర్బలనం అంటే ఇది. ఫోను లాక్కుంటే అల్లరి తగ్గిందనుకోండి, అది ఋణ దండన. కనుక మీ వ్యాసంలోని మాటలో సగం సరిపోయింది, సగం తలకిందులైంది. తిట్టడం సంగతి ఇంకా చిత్రమైనది. తిట్టినకొద్దీ అల్లరి పెరుగుతుంటే, తిట్టినవారి ఉద్దేశం ఏదైనా, అది ఆ పిల్లవాడికి పునర్బలనమే. పేరును నిర్ణయించేది ఉద్దేశం కాదు, ప్రవర్తన మీద పడిన ప్రభావం.

నా ఆరేళ్ల మనవడు ఈ జూన్‌లో కొత్త బడికి వ్యానులో వెళ్లడం మొదలుపెట్టాడు. రెండో వారంలో ఒక సాయంత్రం వానకు అవుటర్ రింగ్ రోడ్డు మీద గంటకు పైగా వాహనాలు నిలిచిపోతే, వెనక సీట్లో ఉక్కపోతకు రెగ్జిన్ వాసన, అద్దం దగ్గరి సెంటు సీసా వాసన కలిసి వాడు వాంతి చేసుకున్నాడు. రెండు రోజులకు మళ్లీ అదే జరిగింది. ఆ తర్వాత వ్యాను ఎక్కనవసరం లేకుండానే, సందు మొగలో హారన్ రెండుసార్లు మోగగానే ముఖం పాలిపోయేది, నోట్లో నీళ్లూరి మింగలేక వాళ్ల అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. నా చింతకాయ పాఠం నా గుమ్మంలోకే వచ్చింది. క్యాన్సరు మందు ఎక్కించుకునే రోగుల్లో కొందరికి ఆసుపత్రి వాసన తగలగానే, మందు ఇంకా ఎక్కకముందే వికారం పుట్టడం కూడా ఈ కోవలోనిదే. దీనిలో నటన లేదు, మొండితనం లేదు.

"పాపం, ఇవాళ్టికి ఉండనివ్వండి" అంది మా ఆవిడ. వాడు ఉండిపోయాడు. అలా నాలుగైదు రోజులు గడిచాక, హారన్ మోగడానికి గంట ముందే, ముఖ్యంగా లెక్కల పరీక్ష ఉన్న రోజున, కడుపునొప్పి మొదలయ్యేది. తొమ్మిది దాటితే దోసె అడిగేవాడు. కడుపునొప్పి అన్న మాట వెనకనే బడి తప్పుతోంది కనుక ఆ మాట బలపడింది. వాడు అడిగితే బొమ్మో మిఠాయో ఎవరూ ఇవ్వలేదు, ఒక ఇబ్బంది తీసేశారు, అంతే. మా ఆవిడ సరేననగానే ఏడుపు ఆగుతోంది కనుక ఆమె సరేననడం కూడా అదే విధంగా బలపడింది. ఇల్లు నిశ్శబ్దమవుతోంది కదా అని పేపరు వెనక మౌనంగా కూర్చున్న విశ్రాంత మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడి మౌనం కూడా అంతే. "నటిస్తున్నాడు మావయ్యగారూ, రెండు తగిలిస్తే దారికొస్తాడు" అని మా అల్లుడు అన్నప్పుడు గానీ నాకు మెలకువ రాలేదు. మొదటి వారంలో అది నటన కాదు, నాలుగో వారంలో పూర్తిగా వికారమూ కాదు. రెండు రకాల అభ్యాసాలు ఒకే పిల్లవాడిలో పెనవేసుకున్నప్పుడు దేనికి తగిన ఉపాయం దానికి కావాలి.

డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నాక మొదటిదాని, అంటే హారన్‌కు పుట్టే వికారం, పని పట్టాం. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే పరిశోధకురాలు కుందేలంటే భయపడే పీటర్ అనే చిన్నవాడికి, ఇష్టమైన తిండి తింటున్నప్పుడు కుందేలును కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చి ఆ భయం పోగొట్టింది. అదే దారి, కానీ తిండి వద్దనుకున్నాను. మావాడిది భయం కాదు, వికారం. వికారానికి ముందు తిన్న రుచి మీదే ఏవగింపు పుడుతుందని జాన్ గార్షియా ఎలుకలతో చేసిన ప్రయోగాల్లో తేలింది కనుక, వాడికి ప్రాణమైన వేరుశనగ ఉండలను పణంగా పెట్టలేదు. డ్రైవరు మంచివాడు, ఆదివారాలు వ్యాను మా వీధిలోనే ఉంచాడు. ఇంజిన్ ఆపిన బండిలో తాతామనవళ్లం కూర్చుని పొడుపుకథలు వేసుకున్నాం. ఆపైన ఇంజిన్ నడుస్తుండగా, ఆపైన సందు చివరిదాకా, ముందు సీట్లో, అద్దం దించుకుని. సెంటు సీసా తీయించాం.

రెండోదానికి, జ్వరం లేకపోతే బడి తప్పదని చెప్పి, కడుపునొప్పి అనడానికి బదులు "అంకుల్, ముందు సీటు కావాలి" అని అడగడం నేర్పి, అడిగిన ప్రతిసారీ ఆ సీటు ఇప్పించాం. మొదటి మూడు రోజులు ఏడుపు ఇదివరకటి కంటే హెచ్చింది. ఫలితం ఆగిన ప్రవర్తన తగ్గే ముందు ఇలా ఎగసిపడడం మామూలేనని మా ఆవిడకు ముందే చెప్పి ఉంచాను. అయినా నాలుగో రోజున ఆమె మనసు కరిగింది, దాంతో ఇంకో పది రోజులు పట్టింది. ఎప్పుడూ ఇచ్చే ఫలితం కంటే అప్పుడప్పుడు ఇచ్చే ఫలితం ప్రవర్తనను మొండిగా నిలబెడుతుందని నేను ఎందరికో బోధించాను, నా ఇంట్లో మాత్రం ఆపలేకపోయాను. దసరా సెలవుల తర్వాత తొలి సోమవారం హారన్‌కు మళ్లీ ముఖం పాలిపోయింది. తగ్గిపోయిన స్పందన కొంత విరామం తర్వాత ఇలా దానంతటదే తిరిగి రావడాన్ని పుస్తకాల్లో అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. రెండు రోజుల్లో తగ్గింది. వెనక సీటు మాత్రం ఇప్పటికీ వాడికి పడదు.

మీ వ్యాసం చెప్పినట్టు తిట్టి, మా అల్లుడన్నట్టు రెండు తగిలించి ఉంటే? కొంతకాలం కడుపునొప్పి మాట వినిపించకపోయేదేమో. మీట నొక్కిన ఎలుకల పాదాల మీద కొట్టి చూసిన స్కిన్నర్, నొక్కడం కాసేపు తగ్గి ఆ తర్వాత పుంజుకుందని రాశాడు. తర్వాతి పరిశోధకులు కఠినమైన దండన ప్రవర్తనను బాగానే అణచగలదని చూపారు, ఆ మాట దాచను. కానీ దెబ్బకు కలిగే భయం చేసిన తప్పుకే అంటుకుని ఆగదు. పావ్‌లోవ్ శబ్దంలాగా కొట్టిన చేతికీ, బడి సంచికీ, లెక్కల పుస్తకానికీ అంటుకుంటుంది. హారన్ అంటే వికారపడే పిల్లవాడికి నాన్న అంటే కూడా భయం తోడయ్యేది. బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను నిషేధించింది. అటువంటప్పుడు, అదే దండనను శాస్త్రం పేరుతో, పునర్బలనం అన్న ముద్రతో ఇంట్లోకి రానివ్వడం సబబు కాదు.

మీ అనుబంధం పుటలను టెట్ అభ్యర్థులు కత్తిరించి దాచుకుంటారు, తల్లిదండ్రులు వాట్సాప్‌లో పంచుకుంటారు. కనుక వచ్చే ఆదివారం అదే పుటలో సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. పెద్ద వ్యాసం అక్కరలేదు. కుక్క బొమ్మను ఉంచి, బహుమతి వాక్యాన్ని దాని కింద నుంచి తీసి మీట నొక్కుతున్న ఎలుక బొమ్మ కింద వేయండి. ఋణ పునర్బలనానికి ఎదురుగా ఉన్న తిట్లూ ఫోనూ కొట్టివేసి క్యాబులోని బెల్టు అలారం రాయండి.

భవదీయుడు,
విశ్రాంత మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు,
మారతహళ్లి, బెంగళూరు